బొమ్మ రైలింజనుకు మన వేషం

దొనకొండ

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న కొనిచ్చిన పెద్ద బొమ్మ ఇంజనును మన పాత మీటర్ గేజ్ ఇంజనులా మార్చాలని ఉందనీ, ఏ రంగు డబ్బా కొనాలో చెప్పమనీ రాశారు. రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు కొలబద్ద తీయండి.

మీ పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో హెచ్చవేస్తే దాదాపు ఒక మీటరు వస్తుంది, మీటర్ గేజ్ పట్టాల మధ్య దూరం అదే. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గులో ఎల్.జి.బి. వాళ్ళు ఈ కొలతతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. గుంటూరు నుంచి దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు మీదుగా గుంతకల్లు వెళ్ళిన మన పాత దారి కూడా మీటర్ గేజే కాబట్టి, ఆ 1:22.5 కొలత, అంటే అసలుదానిలో ఇరవై రెండున్నరో వంతు, మనకు అతికినట్టు సరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, అవే పట్టాల మీద 1:32 బొమ్మలు కూడా నడుస్తాయి. పట్టాలు ఒకటే కదా అని నేనొకసారి 1:32 డ్రైవరు బొమ్మను తెప్పించి క్యాబులో నిలబెడితే, బడి ఎగ్గొట్టి ఇంజనెక్కిన పిల్లవాడిలా కనిపించాడు. అయిదున్నర అడుగుల మనిషి మీ ఇంజనులో 75 మిల్లీమీటర్లు ఉండాలి, వాడేమో 52 దగ్గరే ఆగిపోయాడు.

మీ ఇంజనుకు ముందు రెండు, నడిపేవి ఎనిమిది, వెనక రెండు చక్రాలు ఉన్నాయన్నారు. అది మన సరుకు బళ్ళను లాగిన వై.జి. ఇంజను వరస. అసలు బండిలో నడిపే చక్రం నాలుగడుగులు, మీ దానిలో 54 మిల్లీమీటర్లు రావాలి. కాస్త తేడా ఉన్నా చక్రాల జోలికి పోకండి, అది పెద్దవాళ్ళకే చేతకాని పని. బాయిలరు మీది గంట మాత్రం అమెరికా ఇంజన్ల అలంకారం, దాన్ని తీసేయండి. ఎక్కువ పెట్టెలు లాగాలంటే, కొత్తపట్నం వైపు వలలకు కట్టే సీసపు గుళ్ళను బాయిలరు లోపల, సరిగ్గా నడిపే చక్రాలకు పైన అమర్చండి. ముందుకు జరిగితే నడిపే చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరుగుతాయి. సీసం ముట్టుకున్న చేతులతో అన్నం తినకూడదు సుమా.

గంట తీసిన చోట రంధ్రం మిగులుతుంది. దాన్ని లప్పంతో పూడ్చి, బాగా ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, అప్పుడు మెరుపు లేని నలుపు వేయండి. అంతటితో ఆపితే అది కొట్లో బొమ్మలాగే ఉంటుంది. మన బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం చూశారుగా! ఇంజనులోనూ అంతే, ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు దగ్గర చిమ్మిన నీళ్ళు వేడికి ఆవిరై, వాటిలోని సున్నం బాయిలరు పక్కల మీద చారలుగా మిగిలిపోతుంది. సన్న కుంచెను తెల్లరంగులో ముంచి, గుడ్డకు తుడిచేసి, ఆ మిగిలిన తడితో పైనుంచి కిందికి రెండు మూడు గీతలు లాగండి, చాలు. ఇంజను వెనక బొగ్గు మోసే టెండరులో మాత్రం నలుపు పూసిన గులకరాళ్ళు పోయకండి. అసలు రాక్షసిబొగ్గునే శనగగింజంత ముక్కలుగా కొట్టి జిగురుతో అతికించండి.

క్యాబు నేల నుంచి కప్పు దాకా ఎంత ఎత్తుందో కొలిచి జాబు రాయండి. దాన్నిబట్టి డ్రైవరును వేపచెక్కతో నేనే చెక్కి పంపిస్తాను.

మీ తాతయ్య