మూడో సీజన్ చూడకుండానే పాడ్‌కాస్ట్ పెట్టొచ్చా?

పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, నేను మూడో సీజన్ ఇంకా చూడలేదు. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టొచ్చా? ఎవురన్నా అడిగితే ఏం చెప్పేది?" పిల్ల ఇక్కడే తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మాట్లాడాలనుకుంటున్నది ఒక యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్) గురించి. ఇలాంటి మెసేజ్ ఈ నెలలో ఇది నాలుగోది. సిరీస్ మారుతుంది, సీజన్ నంబరు మారుతుంది, భయం మాత్రం అదే.

నేను ఆడియో ఎడిటింగ్ చేస్తాను. పెళ్లి వీడియోలు, కాలేజీ ప్రకటనలు, షాపుల ముందు ఆటోలో తిరిగే అనౌన్స్‌మెంట్లు, ఇల్లు గడిచేది వీటితోనే. సాయంత్రాలు మాత్రం ఫ్యాండమ్ పాడ్‌కాస్టులు, అంటే ఫ్యాన్స్ తమకిష్టమైన సిరీస్‌ల గురించి మాట్లాడేవి. నాదొకటి, నేను ఎడిట్ చేసిపెట్టేవి ఇంకో ఐదు. అన్నీ ఆడపిల్లలు నడిపేవే. కాబట్టి ఈ విషయంలో ఏ పుకారు ఎక్కడ పుట్టి ఎవరిని ఆపేస్తుందో కొంచెం తెలుసు.

అపోహ: అంతా చూసి, అంతా చదివి, అంతా తెలిశాకే మైకు ముందు కూర్చోవాలి.

డబ్బు లేక, టైం లేక, ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయిన పాడ్‌కాస్టులన్నీ కలిపినా ఈ ఒక్క అపోహ మింగేసిన వాటికి సరిపోవు. చిత్తూరు నుంచి ఒకమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది. అందులో పదకొండు ఎపిసోడ్లు. ఒక్కటీ బయట పెట్టలేదు. మూడోది పెట్టి విన్నాను. పద్నాలుగో నిమిషంలో ఆ పిల్ల పకపకా నవ్వి, "నాకేమనిపిస్తుందంటే..." అని మొదలుపెట్టి, టక్కున ఆగి, "సారీ, మళ్లీ చెప్తా" అని వికీ పేజీ చదవడం మొదలుపెట్టింది. నేను వినాలనుకున్నది ఆ ఆగిపోయిన వాక్యం. అదే లేదు.

ఎందుకమ్మా అంటే, వాళ్ల అన్న స్నేహితుడు ఒకరోజు ఇంటికొచ్చి "నువ్వు ఫ్యానా? అయితే ఈ సిరీస్‌లో ఫలానా కత్తి పేరు చెప్పు చూద్దాం" అన్నాడట. చెప్పలేకపోయింది. అంతే, ఏడాది పోయింది. ఆ అబ్బాయికి ఆ ప్రశ్న అడిగినట్టు కూడా గుర్తుండి ఉండదు.

మన ఊళ్లో సినిమా రిలీజు రోజు థియేటర్ దగ్గర నిలబడి చూడండి. కటౌట్‌కు పాలు పోసే కుర్రాణ్ణి "మీ హీరో రెండో సినిమా డైరెక్టర్ ఎవరు?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. బిందె పట్టుకుని పైకెక్కితే చాలు, వాడు ఫ్యానే. అదే ఆడపిల్ల "నాకు ఈ సిరీస్ ఇష్టం" అంటే వెంటనే హాల్ టికెట్ అడుగుతారు.

అసలు "అంతా చూశావా?" అన్న ప్రశ్నకే అర్థం లేదు. వన్ పీస్ యానిమే 1999లో మొదలై 2021 నవంబరులో వెయ్యో ఎపిసోడ్‌కు చేరింది. ఎపిసోడ్ 24 నిమిషాలనుకున్నా ఆ వెయ్యికే 400 గంటలు. డాక్టర్ హూ సంగతి ఇంకా విచిత్రం. బీబీసీలో 1963 నవంబరులో మొదలైన సీరియల్ అది. ఆ రోజుల్లో టేపులు ఖరీదు, మళ్లీ ప్రసారం చేసే అవకాశాలు తక్కువ, దాచే ఆలోచనే లేదు. అందుకని బీబీసీ వాళ్లే పాత టేపులు చెరిపేశారు. 1960ల నాటి ఎపిసోడ్లు తొంభైకి పైగా వాళ్ల దగ్గరే లేవు. అంటే ఇప్పుడు చూడటం మొదలుపెట్టిన ఏ ఫ్యానూ ఆ సీరియల్ అంతా చూడటం కుదరదు, ఎంత పెద్ద ఫ్యానైనా సరే. బొమ్మ పోయినా శబ్దం మాత్రం మిగిలింది. ఎలాగంటే, అప్పటి ఫ్యాన్స్ ఇళ్లలో టీవీ దగ్గర టేప్‌రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసి దాచుకున్నారు. ఆడియో మనిషిని కదా, ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దీన్ని చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. ఒక సీరియల్లో ఒక వారం దొరకలేదు. ఊరెళ్లి ఉంటుంది, లేదా పత్రిక పక్కింటికి పోయి ఉంటుంది. అమ్మ ఏం చేసిందంటే, ఎదురింటి పిన్నిని అడిగి ఆ వారం కథ చెప్పించుకుని, రూళ్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఆ ఖాళీలో కుట్టేసింది. ఆ బైండు వీధంతా తిరిగింది. కాఫీ మరకలతో తిరిగొచ్చింది. ఆ పెన్సిల్ కాగితం చూసి "నువ్వు పూర్తిగా చదవలేదు కదా" అని ఒక్కరూ అనలేదు. పైగా ఒకావిడ పక్కన పెన్నుతో "ఇలా కాదు, అతను ముందే ఉత్తరం చదివాడు" అని దిద్దింది కూడా.

ఇది ఆడవాళ్లకు కొత్త సంగతా? అమెరికా టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ మీదే పూర్తిగా నడిచిన మొదటి ఫ్యాన్ పత్రిక స్పాకనేలియా 1967లో వచ్చింది. తెచ్చినవాళ్లు దేవ్రా లాంగ్సమ్, షెర్నా కమర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఆడవాళ్లు. ఆ సీరియల్‌ను రెండో సీజన్‌తో ఆపేస్తారేమోనని భయం పుట్టినప్పుడు బీజో ట్రింబుల్ అనే ఆవిడ, భర్తతో కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపింది. మూడో సీజన్ వచ్చింది. డాక్టర్ హూ మొదటి నిర్మాత వెరిటీ లాంబర్ట్ కూడా ఆడమనిషే. ఆమె పేరు మీదే ఆరుగురు ఆడవాళ్లు, ఆ సీరియల్‌కు యాభై ఏళ్లు నిండే సమయానికి, వెరిటీ అనే పాడ్‌కాస్ట్ పెట్టారు. వేర్వేరు దేశాల్లో ఉండి మాట్లాడుకుంటారు, ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు, ఆ వాదనే కదా మనకు కావాల్సింది. 2014లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డుల ఫ్యాన్‌కాస్ట్ (ఫ్యాన్ పాడ్‌కాస్టుల) విభాగంలో తుది జాబితాలో నిలిచింది. మరుసటి ఏడాది ఆ అవార్డు ముగ్గురు ఆస్ట్రేలియా ఆడవాళ్ల గెలాక్టిక్ సబర్బియాకు వచ్చింది. కత్తి పేరు అడిగే అబ్బాయికి ఇవన్నీ అప్పజెప్పమని చెప్పడం లేదు. వాడి వాకిట్లో మనం అతిథులం కామని తెలిస్తే చాలు.

సరే, తప్పు దొర్లితే? దొర్లుతుంది. నా రెండో ఎపిసోడ్‌లో ఒక పాత్రకు అక్కను చెల్లెలిని చేసేశాను. ఒకసారి కాదు, ఇరవై నిమిషాలూ చెల్లెలే. మూడు రోజులకు ఒకావిడ మర్యాదగా రాసింది. ఆ మాటలు మళ్లీ రికార్డు చేసి అతికించాను (ఆరోజు జలుబు, అతుకు ఇప్పటికీ వినిపిస్తుంది). ఆడియో హోస్టింగ్‌లో (ఎపిసోడ్ ఫైళ్లు పెట్టే సైటులో) పాత ఫైలు తీసి కొత్తది పెట్టొచ్చు. లింకు మారదు, ఎపిసోడ్ అక్కడే ఉంటుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ఫోన్లో పాతదే ఉంటుంది కాబట్టి వివరణలో ఒక లైను రాసి, తర్వాతి ఎపిసోడ్ మొదట్లో ఇరవై సెకన్లు చెప్పాను. యూట్యూబ్‌లో అయితే ఫైలు మార్చే వీలు లేదు, కొంత భాగం కత్తిరించగలం అంతే. అక్కడ కామెంట్ పిన్ చేయాలి. శిలాశాసనం చెక్కుతున్నట్టు టెన్షన్ పడేవాళ్లు ఈ పేరా రెండోసారి చదవండి.

హాస్టల్ పిల్లకు నేను రాసిన జవాబు: మొదటి నిమిషంలోనే "నేను రెండో సీజన్ దాకా చూశాను" అని చెప్పేయ్. అది స్పాయిలర్ హెచ్చరికగా, అంటే కథ ముందే బయటపడుతుందని చెప్పే హెచ్చరికగా కూడా పనికొస్తుంది. అక్కడిదాకా చూసినవాళ్లు నీతో నడుస్తారు, ముందుకెళ్లినవాళ్లు నీ ఊహలు విని నవ్వుకుంటారు. మొదటిసారి చూస్తూ మాట్లాడే పాడ్‌కాస్టులు ప్రపంచమంతా ఉన్నాయి, వాటి మజాయే అది. తెలియనిది తెలియదంటే పరువేమీ పోదు. వాట్సాప్ గ్రూపులో "తర్వాతి సీజన్ రద్దయిందంట" అని వచ్చిన దాన్ని వార్తలా చదివితే మాత్రం పోతుంది. మొన్న ఒకళ్లు అలాగే చదివారు, నేను ఎడిట్‌లో నిర్దాక్షిణ్యంగా లేపేశాను.

మిగతావి త్వరగా.

అపోహ: ఆడగొంతు కీచుగా ఉంటుంది, ఎక్కువసేపు వినలేరు. ఆకాశవాణిలో ఆడవాళ్లు వార్తలు చదువుతుంటే ఏళ్ల తరబడి విన్న మనమేనా ఈ మాట అంటున్నది? సాధారణంగా ఆడవాళ్ల గొంతు 200 హెర్ట్జ్ అటూ ఇటూ, మగవాళ్లది 120 అటూ ఇటూ ఉంటుంది. మగగొంతుకు కుదిర్చిన సెట్టింగును అలాగే ఆడగొంతుకు వేసి, పైగా ట్రెబుల్ పెంచితే స, శ, ష అన్నీ ఈల వేస్తాయి. మైకును మూతికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, జానెడు దూరంలో పెట్టండి. సగం పోతుంది. మిగతా సగం ఎడిటింగ్‌లో ఆ ఈలను తగ్గించే డీ-ఎస్సర్ చూసుకుంటుంది.

అపోహ: ఖరీదైన మైకు కొంటేనే. ఒకమ్మాయి చీటీ డబ్బులతో కండెన్సర్ మైకు కొంది. టైల్స్ గది, ఖాళీ గోడలు. ఆ మైకు ఎంత మంచిదంటే పక్కింటి కుక్కర్ విజిల్, పాలవాడి బండి, రైలు కూత అన్నీ పట్టేసింది. బీరువా తలుపులు రెండూ తెరిచి, చీరలకు ఎదురుగా కూర్చుని ఫోన్ ఇయర్‌ఫోన్ మైకుతో రికార్డు చేయమన్నాను. తేడా వాళ్లమ్మకు కూడా తెలిసింది. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉంటుందనుకోకండి, ఇది తిరుపతి, సుప్రభాతం నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మేలు. ఫ్యాన్ పాడ్‌కాస్ట్‌కు అసలు శత్రువు సీలింగ్ ఫ్యానే, దాన్ని ఆపండి. పది నిమిషాలకోసారి బ్రేక్ తీసుకుని చెమట తుడుచుకోండి.

అపోహ: పది సెకన్ల పాట వాడితే ఏం కాదు. కొందరు ముప్పై అంటారు. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో వాళ్లను ఒకసారి కలవాలని ఉంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన వాడకానికి చోటుంది. సెకన్ల లెక్క ఎక్కడా లేదు. ఒక డైలాగు వినిపించి దాని గురించి మాట్లాడటం వేరు, టైటిల్ సాంగ్‌ను మీ ఇంట్రోగా పెట్టుకోవడం వేరు. క్రెడిట్ ఇచ్చినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. పైగా యూట్యూబ్ మెషిన్‌కు సమీక్షా, సొంత వాడకమా అన్న తేడా తెలియదు, పాట వినిపిస్తే పట్టుకుంటుంది. ఇంట్రోకు యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోది ఏదైనా తీసుకోండి.

అపోహ: పాడ్‌కాస్ట్ అంటే సోఫా, రెండు మైకులు, కెమెరా. ఈ మాట 2004లో ఒక బ్రిటిష్ పత్రిక వ్యాసంలో పుట్టినప్పుడు కెమెరా ఊసే లేదు. ముఖం చూపించడం ఇష్టం లేకపోతే చూపించకండి.

పేరు కూడా అంతే. "మా నాన్నకు తెలిస్తే..." అనే పిల్లలకు నేను ధైర్యం చెప్పను, దారి చెప్తాను. మారుపేరు పెట్టుకోండి, కాలేజీ పేరు, వీధి పేరు నోట రానివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా ఈమెయిల్. పాడ్‌కాస్ట్ నడిచేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ మీద, అంటే ఎపిసోడ్ల వివరాలను యాప్‌లకు అందించే ఫైలు మీద. అందులో యజమాని ఈమెయిల్ కనిపించేలా పెడితే ఎవరైనా ఫీడ్ తెరిచి చదువుకోవచ్చు. మారుపేరుతో ముప్పై ఎపిసోడ్లు చేసి, ఫీడ్‌లో మాత్రం ఇంటిపేరుతో సహా సొంత మెయిల్ వదిలేసిన పాడ్‌కాస్ట్ ఒకటి నా చేతికి వచ్చింది. ఆ రాత్రే కూర్చుని మార్పించాను. మొదటి రోజే పాడ్‌కాస్ట్ కోసం వేరే మెయిల్ తెరవండి, హోస్టింగ్ సెట్టింగుల్లో మెయిల్ దాచే ఆప్షన్ ఉంటే నొక్కండి.

హాస్టల్ పిల్లకు ఇది కూడా రాశాను. పొద్దున్నే జవాబు వచ్చింది: "కొత్త మెయిల్ తెరిచేసినాను అక్కా. పాస్‌వర్డ్ అప్పుడే మర్చిపోయినా."