పేగుపూతకు ఆయుర్వేదం: విరేచనాలు కట్టినంత మాత్రాన వాపు తగ్గినట్టేనా?

పేగులు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బులు ఆయుర్వేద గ్రంథాల్లో ఆ పేర్లతో ఉండవు. నెత్తురు, బంక పడటాన్ని రక్తాతిసారం, ప్రవాహికల కింద చెబుతారు. తిన్నది ఒంటబట్టక ఓసారి పలచగా, ఓసారి గట్టిగా పోతుంటే అది గ్రహణి. గ్రహణికి మజ్జిగను చరకుడు ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

నెత్తురు పడేవారికి పేరున్న చికిత్స పిచ్ఛావస్తి. బూరుగు పచ్చి కాడలను దర్భలో చుట్టి, నల్లమట్టి మెత్తి, పిడకల నిప్పులో కాలుస్తారు. పైమట్టి ఎండాక కాడలు తీసి రోట్లో దంచి, ఆ ముద్దను కాచిన పాలలో పిసికి వడగడతారు. నెయ్యి, నూనె, అతిమధురం ముద్ద కలిపి గుదద్వారం గుండా ఎక్కిస్తారు. జిగురు పుండు మీద పూతలా పరుచుకోవాలన్నది ఉద్దేశం. అయితే ఇది పెద్దపేగు చివరి భాగానికే అందుతుంది. క్రోన్స్ ఎక్కువగా తాకే చిన్నపేగు చివరకు చేరదు.

కొడిశపాల, మారేడు విరేచనాన్ని కట్టేస్తాయి. చిక్కంతా అక్కడే. ఆమం (సరిగా అరగక పేరుకున్న మలినం) ఉన్న అతిసారంలో మొదటే కట్టే మందు ఇవ్వొద్దని చరకుడే హెచ్చరించాడు. తీవ్రంగా వాచిన పెద్దపేగు కదలికను మందుతో ఆపితే అది ఉబ్బి చిల్లుపడే ప్రమాదం ఉందని నేటి వైద్యమూ చెబుతోంది. అందుకే లోపలి సంగతి పరీక్షతో తేల్చుకోవాలి. పేగు వాచినప్పుడు మలంలో పెరిగే ప్రొటీన్ కాల్‌ప్రొటెక్టిన్ గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే, విరేచనం గట్టిపడినా వాపు సాగుతున్నట్టే చూడాలి.

పసుపులోని కర్క్యుమిన్‌కు కాస్త గట్టి ఆధారమే ఉంది. 2015లో అచ్చయిన ప్రయోగంలో, పేగు వాపు తగ్గించే మందు మెసలమిన్‌తో అదుపులోకి రాని తేలికపాటి, మధ్యస్థ కొలైటిస్ రోగులకు ఆ మందు ఆపకుండానే రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. నెల తిరిగేసరికి 26 మందిలో 14 మందికి జబ్బు లక్షణాలు పూర్తిగా అదుపులోకి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 24 మందిలో ఒక్కరికీ అలా పూర్తిగా అదుపులోకి రాలేదు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, కాబట్టి చెంచా పసుపు వేసిన పాలు దీనికి సాటిరావు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతింది కూడా. శల్లకి (బోస్వెలియా చెట్టు బంక) మాత్రం క్రోన్స్ తిరగబెట్టకుండా ఆపడంలో ఏడాదిపాటు వాడి చూసినా ఉత్తుత్తి మాత్రను మించలేదు.

గ్రహణికి ఇచ్చే ఆయుర్వేద మందు పర్పటి విషయంలో మరీ జాగ్రత్త. పాదరసం, గంధకం నూరి కరిగించి, అరటాకుల మధ్య అదిమి చేసే పలుచని రేకు అది. పాదరసం మూత్రపిండాలకు చేటు. మెసలమిన్ కూడా అరుదుగా వాటిని దెబ్బతీస్తుంది. రెండూ వాడుతున్నవారు ఆ సంగతి ఇద్దరు వైద్యులకూ చెప్పి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

వాపుకు వాడుతున్న స్టెరాయిడ్ ఉన్నపళంగా మానేస్తే, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను అడ్రినల్ గ్రంథి వెంటనే తయారు చేయలేక ప్రాణం మీదకు రావచ్చు. దాన్ని మెట్లు మెట్లుగానే తగ్గించాలి. రోజుకు ఆరు లేదా అంతకు మించి నెత్తుటి విరేచనాలు, తోడుగా 37.8 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరమో నిమిషానికి 90 దాటిన నాడో ఉంటే అదే రోజు ఆసుపత్రిలో చేరాలి. అప్పుడు కొడిశపాల, మారేడు, విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్ర ఏవీ ముట్టకూడదు.