ధ్రువాల మంచు మీదికి డ్రోన్ ఎలా వెళ్లింది

ఆర్కిటిక్‌లోనో అంటార్కిటికాలోనో శాస్త్రవేత్తలు డ్రోన్లు ఎగరేస్తున్నారని వార్త వచ్చినప్పుడల్లా మన వైజాగ్‌లో రెండు మాటలు వినిపిస్తాయి. "అక్కడి మంచుతో మనకేం పని?" అని కొందరు, "అది కరిగితే ఆర్కే బీచ్ మునిగిపోతుందట కదా!" అని ఇంకొందరు. నిజానికి సముద్రం మీద తేలే మంచు కరిగినంత మాత్రాన నీటిమట్టం పెద్దగా పెరగదు, ఎందుకంటే అది ఇప్పటికే నీళ్లలోనే ఉంది. మట్టాన్ని పెంచేది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీద పేరుకున్న మంచు. ఇక ఆర్కే బీచ్ కోతకైతే దగ్గర్లోనే ఇంకో కారణం ఉంది, పోర్టు బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాతి గోడలు) ఇసుక కదలికకు అడ్డం పడుతున్నాయి, అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తుంటారు.

మనకు ఆ మంచుతో సంబంధం ఉంటే అది వానల దారిలో ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ఒక పేపర్ రాశారు. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరు కుంభవృష్టులు పెరగడానికీ లింకు ఉండే అవకాశం ఉందన్నారు. అంతకు మించి ఘంటాపథంగా చెప్పలేదు. ఇలాంటివి తేలాలంటే మంచుకు ఆనుకుని ఉన్న గాలిలో ఏం జరుగుతోందో కొలవాలి, సరిగ్గా అక్కడే వందేళ్లకు పైగా ఇబ్బంది.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1978 చివరి నుంచి మైక్రోవేవ్ సెన్సర్లు మబ్బు ఉన్నా, ఆర్నెల్ల చీకటి ఉన్నా సముద్రపు మంచు ఎంత మేర పరుచుకుందో కొలుస్తూనే ఉన్నాయి. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయిందని తెలిసింది వాటి వల్లే. కానీ ఆ పాత రికార్డులో ఒక్కో గడి దాదాపు 25 కిలోమీటర్లు. అంటే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఉన్నదంతా మ్యాపులో ఒకే చుక్క. అంత మేరలో మంచు ఎక్కడ పగిలింది, పగులులోంచి ఎంత వేడి పైకి పోతోంది అన్నది అందులో కనపడదు.

ఈ పగుళ్ల సంగతి కొంచెం చూడాలి. చలికాలంలో పైన గాలి మైనస్ 30 డిగ్రీలు, మంచు పొర కింద సముద్రం మైనస్ 1.8. మంచు మూతలా ఉన్నంతసేపు వేడి కిందే ఉంటుంది, పగులు రాగానే ఆవిరి, వేడి కలిసి పొగలా లేస్తాయి. ఎండాకాలంలో ఇంకో లెక్క. తాజా మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైనే వెనక్కి కొడుతుంది, తెరిచి ఉన్న సముద్రం మాత్రం 90 శాతానికి పైగా తాగేస్తుంది, మంచు మీద నిలిచే నీటి మడుగులు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి. వాతావరణ మోడళ్లకు కావాల్సింది ఈ వివరమే.

ఇక గాలి. వైజాగ్ వాతావరణ కేంద్రం నుంచి రబ్బరు బెలూన్‌కి చిన్న రేడియో డబ్బా కట్టి వదులుతారు, అది వేడి, తేమ, గాలి వేగం చెప్పుకుంటూ 30 కిలోమీటర్ల దాకా ఎక్కి పేలిపోతుంది. మన టైమ్ ప్రకారం ఉదయం, సాయంత్రం 5:30 లెక్కకు ప్రపంచమంతా ఇదే పని జరుగుతుంది. ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయడం వెనక ఈ బెలూన్ల లెక్కలు కూడా ఉంటాయి. కానీ భారతదేశానికి నాలుగింతలున్న అంటార్కిటికాలో బెలూన్ వదిలే కేంద్రాలు చాలా తక్కువ, ఆర్కిటిక్ నడిమధ్య అయితే నేలే లేదు.

అందుకే పైనుంచి చూడాలన్న తపన పాతదే, దానికి మనుషులు ప్రాణాలే పెట్టారు. 1897 జులై 11న స్వీడన్ ఇంజినీరు ఆండ్రే ఇద్దరితో కలిసి నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల నుంచి హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు. పొగమంచు బెలూన్ గుడ్డ మీద గడ్డకట్టి బరువు పెరిగింది, మూడో రోజుకల్లా మంచు మీద దిగాల్సి వచ్చింది. ముగ్గురూ తిరిగి రాలేదు. వాళ్ల శవాలు, కెమెరా ఫిల్ములు 1930లో క్విటోయా దీవిలో దొరికాయి, అన్నేళ్ల తర్వాత కడిగితే 93 ఫొటోలు వచ్చాయి. 1902లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ అంటార్కిటికాలో తాడు కట్టిన బెలూన్ ఎక్కి చూశాడు. జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1906 నుంచి 1908 దాకా గ్రీన్‌లాండ్‌లో గాలిపటాలకు, బెలూన్లకు పరికరాలు కట్టి ఎగరేశాడు. ఖండాలు కదులుతాయన్న సిద్ధాంతం ఆయనదేనని మనకు స్కూల్లో చెప్తారు, గాలిపటాల సంగతి ఎవరూ చెప్పరు! 1926లో నోర్గె అనే ఎయిర్‌షిప్ (ఇంజిన్లతో నడిచే భారీ బెలూన్) ఉత్తర ధ్రువం దాటింది గానీ దారిలో ప్రొపెల్లర్ల మీద కట్టిన మంచు ముక్కలు ఎగిరి దాని కవచాన్నే చింపాయి. 1928లో ఇటాలియా అనే ఇంకో ఎయిర్‌షిప్ కూలింది, దాన్ని వెతకడానికి వెళ్లిన నార్వే ధ్రువ యాత్రికుడు అముండ్సెన్ కూడా తిరిగి రాలేదు.

మనిషి లేకుండా పరికరాన్నే పంపుదాం అన్న ఆలోచనకు బలం వచ్చింది రేడియో డబ్బా బెలూన్లతో. 1931లో గ్రాఫ్ జెప్లిన్ అనే ఎయిర్‌షిప్ ఆర్కిటిక్ యాత్రలో రష్యన్ శాస్త్రవేత్త మోల్చనోవ్ వాటిని వదిలాడు. వీటితో చిక్కేమిటంటే, బెలూన్ ఒక్కసారి నిట్టనిలువుగా పైకి పోతుంది, అంతే. వెనక్కి తిరిగి మంచు మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లి చూసి రా అంటే రాదు.

అది చేయగలిగిన మొదటి పేరున్న యంత్రం ఏరోసోండ్. ఆస్ట్రేలియాలో తయారైంది, బరువు సుమారు 13 నుంచి 15 కిలోలు, రెక్కలు దాదాపు 3 మీటర్లు. 1998 ఆగస్టులో ఆరు లీటర్ల లోపు పెట్రోలుతో, దాదాపు 27 గంటల్లో అట్లాంటిక్ దాటేసింది. వాతావరణం కోసమే పుట్టిన విమానం ఇది, యుద్ధం నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, ఈ మాట చాలామంది మర్చిపోతారు. 2005లో ఒఫీలియా తుపానులోకి కూడా పంపారు, హుద్‌హుద్ చూసిన మన ఊరివాళ్లకు ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. 1990ల చివర అలాస్కాలోని బారోలో దీన్ని ఎగరేయడం మొదలుపెట్టారు. ఆ ఊరినే ఇప్పుడు ఉట్కియాగ్విక్ అంటున్నారు. అక్కడ పెద్ద తలనొప్పి ఆండ్రేని దించిన ఆ మంచే, ఈసారి రెక్కల మీద, ఇంజిన్లో.

అంటార్కిటికాలో 2007లో హాలీ కేంద్రం దగ్గర బ్రిటిష్ బృందం, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి ఆరు కిలోల బుల్లి విమానాన్ని ఎగరేశారు. నార్వేలో బెర్గెన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకా చిన్నది, అరకిలో పై చిల్లర బరువున్న సుమో తయారుచేసి స్వాల్‌బార్డ్‌లో వాడారు. నాసా 2009 వేసవిలో అక్కడి నుంచే సియెరా అనే పెద్ద డ్రోన్‌ని ఫ్రామ్ జలసంధి మంచు మీదికి పంపింది.

నా దృష్టిలో అసలు మలుపు 2009 సెప్టెంబరు. కొలరాడో యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ కాసానో బృందం అంటార్కిటికాలోని అమెరికా కేంద్రం మెక్‌మర్డో నుంచి ఏరోసోండ్లను టెర్రా నోవా బే మీదికి పంపింది. మంచు పీఠభూమి మీద నుంచి బరువైన చల్లగాలి లోయల గుండా సముద్రం మీదికి దూసుకొస్తుంది, ఏర్పడిన మంచును ఏర్పడినట్టే తోసేస్తుంది, నీరు బయటపడి మళ్లీ గడ్డకడుతుంది, ఉప్పు మాత్రం కింద మిగిలిపోతుంది. ఆ ఉప్పు నీరు బరువెక్కి అట్టడుక్కి దిగి, ప్రపంచ సముద్రాల అడుగున పారే చల్లటి నీటిలో కలుస్తుంది. చలికాలం ముగిసే వేళ, తుపాను స్థాయి గాలుల్లో, కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో జరిగే ఈ పనిని చూడటానికి మనుషులున్న విమానాన్ని ఎవరు పంపుతారు? ఒక్కోసారి పది గంటలకు పైగా ఎగిరి అవి డేటా తెచ్చాయి.

తర్వాత 2019 అక్టోబరులో పోలార్‌స్టెర్న్ నౌకను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి ఏడాది పాటు దాంతో పాటే కొట్టుకుపోనిచ్చారు, అదే మొజాయిక్ యాత్ర. అక్కడ డ్రోన్లు గాలి పొరల్నీ కొలిచాయి, నీటి మడుగుల మీద ఎండ ఎంత వెనక్కి పోతోందో కూడా కొలిచాయి.

డ్రోన్ కొని తీసుకెళ్లి ఎగరేస్తే అయిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. చలికి లిథియం బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది, అందుకే ముందు వెచ్చబెట్టాలి. గ్లవ్స్ ఉంటే కంట్రోలర్ తిప్పలేరు, తీస్తే వేళ్లు పనిచేయవు. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి ముల్లు అడ్డంగా కాకుండా కిందికి లాగుతుంది, కాబట్టి ముఖం ఎటుందో తెలుసుకోవడానికి రెండు జీపీఎస్ యాంటెనాలు పెడతారు. భూమధ్యరేఖ మీద నిలిచే ఉపగ్రహాలు ధ్రువాలకు కనపడవు, దూరం వెళ్లే డ్రోన్‌తో మాట్లాడాలంటే ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం లాంటి ఉపగ్రహాలే దిక్కు. మబ్బులోకి వెళ్తే రెక్క మీద మంచు ఎలాగూ ఉంది.

పర్మిషన్ల టెన్షన్ వేరు. నేవీ ఉన్న ఊళ్లో ఉంటున్నాం, డ్రోన్ ఎగరేయాలంటే ఎన్ని రూల్సో మనకు తెలుసు. అంటార్కిటికాలో కూలితే ఆ చెత్తను అక్కడ వదిలేయకూడదు, పెంగ్విన్లను బెదరగొట్టకూడదు. అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు 2018లో డ్రోన్లకు ప్రత్యేక మార్గదర్శకాలు పెట్టుకున్నాయి. తీరప్రాంతంలో టూరిస్టులు సరదాకి ఎగరేయడాన్ని టూర్ ఆపరేటర్ల సంఘం అంతకు ముందే ఆపేసింది. అక్కడ మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు నడుపుతున్న మన దేశం కూడా 2022లో అంటార్కిటిక్ చట్టం చేసుకుంది.

ఇప్పుడు చర్చ ఎక్కడుందంటే, పరిశోధన కోసం అప్పుడప్పుడు ఎగరేసే డ్రోన్‌ని రోజువారీ అంచనాల్లోకి తేవచ్చా అని. ప్రపంచ వాతావరణ సంస్థ 2024 మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఇందుకోసమే పలు దేశాలతో ట్రయల్ నడిపింది. ధ్రువాల్లో కింది ఒకటి రెండు కిలోమీటర్ల గాలికి డ్రోన్‌ని మించింది లేదనిపిస్తుంది నాకు. ఆ పై ఎత్తులకు మాత్రం ఇప్పటికీ బెలూన్ వదలాల్సిందే.