పంపు టక్కుమంటుంది, ట్యాంకు నిండదు

అమెరికాలో అమ్మిన రెండో తరం టొయోటా ప్రియస్ (2004–2009 మోడళ్లు) ట్యాంకు సామర్థ్యం 11.9 గ్యాలన్లు, అంటే 45 లీటర్లని కాగితం మీద ఉంటుంది. మీటర్లో చివరి గీత మినుకుమినుకుమంటుంటే బంకుకు వెళ్తారు. చలికాలమైతే ఏ ఎనిమిది గ్యాలన్లకో నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్కు. పంపు పాడైందని పక్క పంపుకు వెళ్లినా అదే వరస. అమెరికాలో మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనే కార్లలో ఇదీ ఒకటి కాబట్టి, దీని సంగతేమిటో తెలిసి ఉంటే మంచిది.

ముందు ఆ టక్కు సంగతి చూద్దాం. నాజిల్ కొనకు దగ్గర్లో సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు వేగంగా పారుతున్నంతసేపూ లోపల చూషణ పుట్టి, ఆ రంధ్రం గుండా గాలిని లాగుతుంటుంది. పెట్రోలు గానీ నురగ గానీ పైకొచ్చి రంధ్రాన్ని మూసిందంటే గాలి అందక చూషణ ఒక్కసారిగా పెరుగుతుంది. లోపలి పలచని పొర వంగి, ట్రిగ్గర్ కొక్కెం ఊడిపోతుంది. ఇందులో కరెంటు లేదు, సెన్సరు లేదు. కాబట్టి ట్యాంకు నిండిందో లేదో నాజిల్‌కు తెలిసే దారే లేదు, తన కొన తడిసిందా లేదా అన్నది తప్ప. పోసిన వేగంతో ట్యాంకు మింగలేకపోతే పెట్రోలు గొట్టంలోనే పైకి ఎగదన్నుతుంది, ట్యాంకు సగమే నిండి ఉన్నా సరే.

ప్రియస్ ఎందుకు మింగలేదు? సమాధానం పెట్రోలు ఆవిరిలో ఉంది. ట్యాంకులో పుట్టే ఆవిరిని గాలిలోకి వదలకూడదని అమెరికా నిబంధన. మామూలు కార్లలో ఆ ఆవిరి క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బాలోకి వెళ్లి బొగ్గుకు అంటుకుంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు తన చూషణతో డబ్బాలోంచి గాలి లాగి, ఆ ఆవిరిని కాల్చేస్తుంది. ప్రియస్ లాంటి హైబ్రిడ్‌లో, అంటే ఇంజినుతోపాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే కారులో, చిక్కు ఇక్కడే. సిగ్నల్ దగ్గర ఇంజిను ఆగిపోతుంది, నెమ్మదిగా వెళ్తున్నప్పుడూ ఆగిపోతుంది. నడిచినప్పుడైనా, అట్కిన్సన్ పద్ధతిలో (పెట్రోలు ఆదా కోసం గాలి లోపలికొచ్చే వాల్వును ఆలస్యంగా మూసే పద్ధతి) పనిచేసే ఇంజిను గనుక దాని చూషణ బలహీనం. డబ్బా ఖాళీ అయ్యే అవకాశం తక్కువన్నమాట.

అందుకని ఇంజినీర్లు అసలు ఆవిరే పుట్టకుండా చూద్దామనుకున్నారు. పెట్రోలు పైన ఖాళీ జాగా ఉంటేనే కదా ఆవిరి పోగయ్యేది! ఉక్కు ట్యాంకు లోపల ప్లాస్టిక్ తిత్తిని అమర్చారు. పెట్రోలు పోస్తే తిత్తి ఉబ్బుతుంది, వాడేకొద్దీ ముడుచుకుంటుంది. ఆలోచన చక్కనిదే, కానీ చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది. బిగుసుకున్న తిత్తి ఒక పట్టాన సాగదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టే పెట్రోలుతో పోలిస్తే మైనస్ 10 డిగ్రీల దగ్గర సుమారు 5 లీటర్లు తక్కువ పడుతుంది. ఏళ్లు గడిచి తిత్తి మొండిబారితే ఇంకా తగ్గొచ్చు. అదే కారు జపాన్, యూరప్ మోడళ్లకు ఈ తిత్తి లేదు, ఈ గొడవా లేదు. 2010 మోడల్‌తో వచ్చిన మూడో తరంలో అమెరికాలో కూడా తీసేశారు.

తిత్తి వల్ల మీటరూ తికమకపడుతుంది. మామూలు ట్యాంకులో తేలే బెండు ఎత్తును బట్టి పెట్రోలు లెక్క తేలిపోతుంది. ఆకారం మారే తిత్తిలో ఆ లెక్క అంత తేలిక కాదు. అందుకే ప్రియస్‌లో కారు ముందుకో వెనక్కో, పక్కకో ఎంత వాలి ఉందో చెప్పే సెన్సర్లు కూడా పెట్టి, వాటిని కూడా కలుపుకొని పది గీతల్లో చూపిస్తారు. ఏటవాలు చోట పెట్రోలు పోయిస్తే ఆ గీతలు తప్పుడు లెక్క చెప్పొచ్చు.

ఇంతకీ చేయాల్సిందేమిటి? సమతలంగా ఉన్న పంపు చూసుకుని ఆపాలి. నాజిల్‌ను చివరిదాకా దూర్చి, కొక్కేన్ని అన్నిటికంటే తక్కువ వేగం దగ్గర తగిలించాలి. అమెరికా పంపుల గరిష్ఠ వేగం నిమిషానికి 10 గ్యాలన్లు, దాదాపు 38 లీటర్లు. బిగుసుకున్న తిత్తికి అది మరీ ఎక్కువ. నాలుగైదు గ్యాలన్లకే టక్కుమంటే నాజిల్‌ను కాస్త పక్కకు తిప్పి ఒక్కసారి మళ్లీ ప్రయత్నించవచ్చు. గొట్టం గోడకు కొట్టి వెనక్కి చిమ్మిన పెట్రోలే రంధ్రాన్ని మూసి ఉండొచ్చు. ఆశించినంత పడ్డాక టక్కుమంటే మాత్రం అంతటితో ఆపాలి.

గీతల్ని నమ్మే బదులు నోటు పుస్తకాన్ని నమ్మడం మేలు. పోయించిన ప్రతిసారీ ట్రిప్ మీటరును సున్నా చేసుకోవాలి. గ్యాలనుకు 45 మైళ్ల మైలేజీతో 360 మైళ్లు తిరిగితే 8 గ్యాలన్లు ఖర్చయినట్టు. మళ్లీ పోయించినప్పుడు 5 గ్యాలన్లే పట్టిందంటే మిగతా 3 ట్యాంకుకు బాకీ. ఆ మేరకు ముందుగానే బంకుకు వెళ్లాలి. మినుకుమనే గీత దాకా ఆగొద్దు. పెట్రోలు అయిపోయాక బ్యాటరీతో ఈడ్చుకెళ్తే ఆ పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది, దాన్ని మళ్లీ నింపడం అందరి చేతిలో పని కాదు.

బలవంతంగా కుక్కితే ఏమవుతుంది? ద్రవంగానే పెట్రోలు ఆ ఆవిరి వెళ్లే గొట్టాల్లోకి, అక్కడి నుంచి బొగ్గు డబ్బాలోకి చేరుతుంది. ఆవిరిని పట్టాల్సిన బొగ్గు ద్రవంతో తడిస్తే పనికిరాకుండా పోతుంది. పెట్రోలు వాసన, ఇంజిను దీపం వెలగడం దాని గుర్తులు. తిత్తి చెడితే ఇంకా ఖర్చు. అది విడిగా దొరకదు, ట్యాంకు మొత్తాన్నీ మార్చాల్సిందే.

నిండకపోవడానికి తిత్తే ఉండాలనేం లేదు. టొయోటా వారిదే 2019, 2020 రావ్4 హైబ్రిడ్‌లో తిత్తి లేదు. అయినా 14.5 గ్యాలన్ల ట్యాంకుకు కొన్ని గ్యాలన్లు తక్కువే పడుతున్నాయని యజమానులు మొత్తుకున్నారు. ట్యాంకు ఆకారంలో తేడాల వల్ల ఇలా జరగొచ్చని కంపెనీ ఒప్పుకుంది, తర్వాత ట్యాంకు మార్చిచ్చే పథకం పెట్టింది. ఇక్కడ నాజిల్ ఎలా పట్టుకున్నా లాభం లేదు.

ప్రియస్ ప్రైమ్ వంటి ప్లగ్-ఇన్‌లది (బ్యాటరీని కరెంటుతో చార్జ్ చేసుకునే హైబ్రిడ్లది) ఇంకో తీరు. రోజుల తరబడి ఇంజినే నడవకపోవచ్చు కనుక ట్యాంకును బిగించి, ఆవిరిని ఒత్తిడితో లోపలే ఉంచుతారు. బటన్ నొక్కాక ఒత్తిడి దిగేదాకా కొన్ని సెకన్లు మూత తెరుచుకోదు. తెరుచుకున్నాక 30 నిమిషాల్లో పోయించేయాలి, లేకపోతే లోపలి వాల్వు మూసుకుంటుంది.

మన దగ్గరి హైక్రాస్ (52 లీటర్లు), గ్రాండ్ విటారా హైబ్రిడ్ (45 లీటర్లు) యజమానులకు 52కి 44 లీటర్లే పట్టిందంటే కంగారు అక్కర్లేదు. అడుగున రిజర్వు మిగిలే ఉంటుంది, పైన కాస్త ఖాళీ కూడా కావాలి. పెట్రోలు డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. 40 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైనే పెరుగుతుంది. ఆటో కట్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్" అని బంకు కుర్రాడు అడుగుతాడు. వద్దనండి. యూపీఐలో పైసలతో సహా కట్టొచ్చు.