కాలనీ సమస్యలు, బస్తీ పనులు: అపోహలు – వాస్తవాలు

వీధి బాగుపడాలన్న తపన ఉన్నవాళ్లు ప్రతి కాలనీలోనూ, ప్రతి బస్తీలోనూ నలుగురైదుగురు దొరుకుతారు. వాళ్లు ఆర్నెల్లు తిరిగి, విసిగిపోయి, "ఇక్కడ ఏదీ జరగదు" అని ఇంట్లో కూర్చోవడం చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు వాళ్లు అడిగింది న్యాయమైనదే. అడిగిన చోటు, అడిగిన తీరు, అడిగిన సమయం సరిపడలేదు, అంతే. వార్డు పనుల్లో మాకు పదే పదే ఎదురయ్యే మాటలు కొన్ని తీసుకుని, వాటి వెనకున్న అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: "మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాం. ఇక చెయ్యడం వాళ్ల వంతు."

ఫిర్యాదుల వ్యవస్థ ఉన్నది నిర్వహణ పనుల కోసం. వెలగని లైటు, ఎత్తని చెత్త, రోడ్డు మీద గుంత, పగిలిన మూత లాంటివి అందులో తీరతాయి. ఇప్పటిదాకా లేని కాలువ కావాలంటే అది ఫిర్యాదు కాదు, ప్రతిపాదన. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి కొలతలు తీసుకోవాలి, అంచనా తయారవ్వాలి, సాంకేతిక అనుమతి, పరిపాలనా అనుమతి రావాలి. ఆ తర్వాత టెండరు, ఒప్పందం, పని, ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. యాప్‌లో కొత్త కాలువ అడిగితే ఆ ఫిర్యాదును ఏదో ఒక జవాబు రాసి మూసేస్తారు, ఎందుకంటే దాన్ని అక్కడి నుంచి ముందుకు నడిపే దారి లేదు. కొత్త పని కావాలంటే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోవాలి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్ కార్యక్రమంలో ఇస్తే నంబరు పడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు "మా పని ఏమైంది" అని కాకుండా "అంచనా ఏ దశలో ఉంది, ఎవరి దగ్గర ఉంది" అని అడగండి. జవాబు వెంటనే మారుతుంది.

యాప్‌లో పెట్టేటప్పుడు ఒక ఫిర్యాదులో ఒక్క సమస్యే రాయండి. లైటు అయితే స్తంభం నంబరు, గుంత అయితే ఎదురుగా ఉన్న ఇంటి నంబరు, ఫోటో. పని జరక్కుండానే మూసేస్తే, అదే రోజు తీసిన ఫోటోతో మళ్లీ తెరిపించండి. వారం ఆగితే అది కొత్త సమస్య కిందికి పోతుంది.

అపోహ: "అంతా మున్సిపాలిటీదే."

హైదరాబాద్‌లో వాన నీటి కాలువ, నాలా జీహెచ్‌ఎంసీవి. మురుగు పైపు, దాని మ్యాన్‌హోలు జలమండలివి, ఫోను 155313. వీధి దీపం కార్పొరేషన్‌ది, అది తగిలించిన స్తంభం, తీగలు విద్యుత్ సంస్థవి, ఫోను 1912. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మొదట అడగాల్సింది వార్డు సచివాలయంలోని ఎమెనిటీస్ సెక్రటరీని. అక్కడ కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల ఫోను 1100.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే అతిపెద్ద ప్రమాదం వానాకాలంలోనే. రోడ్డు మీద నీళ్లు నిలవగానే ఎవరో ఒకరు గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు. నీళ్లు పోతున్నట్టే కనిపిస్తాయి. కానీ ఆ పైపు ఇళ్ల మురుగుకు సరిపడా కొలతతో వేసింది. వాన నీటితో పాటు ఇసుక, ప్లాస్టిక్ లోపలికి పోయి పైపు నిండుతుంది. రెండు వీధుల అవతల పల్లంలో ఉన్నవాళ్ల బాత్‌రూముల్లోంచి మురుగు పైకి తన్నుతుంది. పైగా నీళ్ల కింద తెరిచి ఉన్న గొయ్యి ఎవరికీ కనిపించదు. 1989 నాటి జలమండలి చట్టం ప్రకారం ఆ మూత సొంతంగా తెరవడం నేరం. నీళ్లు నిలిచిన చోట చూడాల్సింది రోడ్డు అంచున ఉండే వాన కాలువ నోళ్లు. ఆకులు, కవర్లు అడ్డం పడితే కర్రతో లాగెయ్యండి, చాలు.

అపోహ: "డ్రైనేజీ జామ్ అయితే మనిషిని పిలిచి దింపితే గంటలో అయిపోతుంది."

దింపకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. ఒక్క పీల్పుకు స్పృహ తప్పుతుంది, కాపాడటానికి దిగిన రెండోవాడూ పైకి రాడు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు గుంటలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపినవాళ్లకు, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం కాంట్రాక్టర్‌తో ఆగదు, డబ్బిచ్చి పిలిచిన అపార్ట్‌మెంట్ సంఘానికీ వర్తిస్తుంది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మురుగు శుభ్రత హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేసి యంత్రం తెప్పించండి. యంత్రం రావడానికి ఒక రోజు పట్టినా ఫరవాలేదు.

అపోహ: "నాలా మీద స్లాబు వేసేస్తే వాసనా పోతుంది, స్థలమూ కలిసొస్తుంది."

కాలనీలు ఎక్కువగా పట్టుబట్టే కోరికల్లో ఇదొకటి, మా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసేదీ ఇదే. మూసిన నాలాలో పూడిక తీయడం కష్టం. మధ్యమధ్య తెరుచుకునే మూతలు పెట్టకపోతే అసాధ్యం. ఏటా కొంచెం కొంచెంగా పూడిక పెరిగి, పైనుంచి కనిపించకుండానే నాలా సామర్థ్యం సగానికి పడిపోతుంది. పైన చదునుగా ఉంది కాబట్టి ముందు బండ్లు, తర్వాత షెడ్లు, ఆ తర్వాత గోడలు వస్తాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లో పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు కట్టడం లేకుండా ఖాళీ వదలాలని ఉంది. చెరువైతే పది హెక్టార్లు, ఆపైన ఉంటే పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడ చూశాక, నీటి దారి ఇరుకైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అడగాల్సింది నాలా అంచున జాలీ కంచె, వేసవిలో పూడికతీత, తీసిన పూడికను వెంటనే ఎత్తుకెళ్లడం. ఈ మూడోది ఎవరూ గట్టిగా అడగరు. ఒడ్డున పోగేసిన మట్టి మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది, బిల్లు మాత్రం అయిపోతుంది.

అపోహ: "రోడ్డు నాణ్యత ఇంజినీర్లకు తప్ప మనకేం తెలుస్తుంది?"

టేపు, దారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలా తెలుస్తుంది. ముందుగా అంచనా ప్రతి సంపాదించండి. పొడవు, వెడల్పు, మందం, కాంక్రీటు గ్రేడు అందులో ఉంటాయి.

వంద మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం ఉన్న సీసీ రోడ్డు అనుకోండి. 100 × 4 × 0.15 అంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఆరు ఘనపు మీటర్ల మిక్సర్ లారీలైతే పది రావాలి. ఎనిమిదితో పని ముగిస్తే మందం 120 మిల్లీమీటర్లకు పడిపోయినట్టే. లారీ వచ్చిన వేళ, దాని చలానా మీదున్న పరిమాణం ఒకరు కూర్చుని రాసుకుంటే సరిపోతుంది. పోయడానికి ముందు రెండు వైపులా అచ్చుగా బిగించిన ఇనుప ఛానెళ్ల మీదుగా దారం లాగి పట్టుకుని, మధ్యలోనూ అంచుల్లోనూ కిందికి టేపు పెట్టి చూడండి. అంచుల దగ్గర మందం సరిగానే ఉండి, మధ్యలో నేల ఉబ్బి ఉండటం మామూలుగా జరిగే తప్పు.

వాలు కూడా అప్పుడే చూడాలి. రెండు శాతం వాలు అంటే నాలుగు మీటర్ల రోడ్డుకు మధ్య భాగం అంచుల కంటే 4 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. ఇక అన్నిటికంటే ముఖ్యం రోడ్డు మట్టం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తే ఆరంగుళాలు లేస్తుంది. రెండుసార్లు అలా చేస్తే అడుగు, అప్పటికి గేట్లు కిందికి పోయి వాన నీరు ఇళ్లలోకి వస్తుంది. అంచనా దశలోనే "పాత పొర తొలగింపు" ఉందో లేదో చూడండి. పని మొదలయ్యాక అడిగితే ఆ డబ్బు అంచనాలో ఉండదు. జలమండలి పైపులు, కేబుళ్లు వేసేది ఉంటే అవీ రోడ్డుకు ముందే పూర్తి కావాలి.

పోసేటప్పుడు పని సులువవుతుందని మిక్సర్‌లో నీళ్లు కలుపుతారు. కలపనివ్వకండి, బలం అక్కడే పోతుంది. మర్నాటికల్లా, సుమారు నాలుగు మీటర్లకోసారి, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు దాకా గాట్లు కోయాలి. ఆలస్యమైతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది. తర్వాత పద్నాలుగు రోజులు తడిగా ఉంచాలి. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడం మేలు, తడి గోనె సంచులైనా సరే. ఇక్కడ తప్పు చాలావరకు మనదే. రెండో రోజే స్కూటర్లు ఎక్కిస్తాం, మూడో రోజు కారు. రాళ్లు అడ్డం పెట్టి, ఎవరి వాహనం ఎక్కడ నిలపాలో ముందే మాట్లాడుకోవడం సంఘం పని.

కాంక్రీటు బలం తేల్చే 28 రోజుల క్యూబ్ పరీక్ష ఫలితం నకలు అడగండి. ఒప్పందంలో కాంట్రాక్టర్ బాధ్యత ఉండే గడువు ఎంతో చూసి, పని పూర్తయిన తేదీతో కలిపి రాసిపెట్టుకోండి. ఆ లోపు పగిలితే ఆయన సొంత ఖర్చుతో బాగు చెయ్యాలి. గడువు దాటిన మర్నాడు రాసే ఉత్తరానికి విలువ లేదు.

అపోహ: "ఆర్టీఐ వేస్తే అధికారులతో శత్రుత్వమే."

"ఎందుకు చెయ్యలేదు" అని రాస్తే గొడవే అవుతుంది, జవాబూ రాదు. పత్రం అడగండి: ఫలానా రోడ్డు అంచనా, ఒప్పందం, ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక. మున్సిపల్ కార్యాలయానికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యాలి, అదీ తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు కార్యాలయానికి వెళ్లినా అయిదు రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. చట్టంలోని సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా ఉన్నాయి. ఎక్కువమంది వాడని భాగం ఇదే.

అపోహ: "నిధులు లేవన్నాక ఇంకేం చేస్తాం?"

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు జనం మురుగు, దుర్వాసన భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మున్సిపాలిటీ డబ్బు లేదంది. 1980లో సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చింది. వాళ్లు వాడుకున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 133 ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. పొంగే మురుగు, దారికి అడ్డంకి లాంటి బహిరంగ ఇబ్బంది మీద ఆర్డీఓ (ఆయనే సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్) ముందు అర్జీ పెట్టుకోవచ్చు. ఫోటోలు, తేదీలు, పాత ఫిర్యాదుల నంబర్లు జతచెయ్యండి.

అంతదాకా పోకుండా కొత్త పని కావాలంటే మాత్రం బడ్జెట్ వేళను పట్టుకోవాలి. అంచనాలు చలికాలంలో తయారవుతాయి. ఏప్రిల్‌లో ఇచ్చిన అర్జీ ఏడాది ఆగాల్సిన అర్జీ. దసరా, దీపావళి నాటికే ఏఈ చేత కొలతలు తీయించండి.

అపోహ: "పార్కు మన సంఘానిదే, కమ్యూనిటీ హాలు కట్టుకోవచ్చు."

కాదు. ఆమోదం పొందిన లేఅవుట్‌లో ఖాళీ స్థలం మున్సిపాలిటీ అధీనంలోది. సంఘం నిర్వహించవచ్చు, కట్టడం మాత్రం కట్టకూడదు. గుడైనా, హాలైనా, ట్యాంకైనా అంతే. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చిన కేటాయింపును హైకోర్టు రద్దు చేస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. కోర్టుకెళ్లిన స్థానికులకు ఆ హక్కు ఉందనీ చెప్పింది.

అపోహ: "తోపుడు బండ్లు తీయించేస్తే వీధి కళ తిరుగుతుంది."

ఫుట్‌పాత్ మీద నడవడానికి 1.8 మీటర్ల ఖాళీ కావాలి. ముందు సుద్దతో ఆ గీత గీసి చూడండి. చాలా వీధుల్లో ఆ గీతను దాటుతున్నవి పార్కింగ్ చేసిన కార్లు, దుకాణాల మెట్లు, జనరేటర్లు. బండ్లను కొంచెం జరిపితే సరిపోతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. మరో చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, కాలనీ సంఘాలకూ అందులో చోటుంది. రాత్రి తొమ్మిదికి ఆడపిల్లలు నడిచివచ్చే దారిలో వెలుగుతున్న ఇడ్లీ బండి ఉండటం ఆ వీధికి మంచిదని మా గట్టి నమ్మకం.

అపోహ: "సంఘం రిజిస్టర్ అయితేనే మన మాట చెల్లుతుంది."

అర్జీ పెట్టడానికి, ఆర్టీఐకి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, పార్కు నిర్వహణ ఒప్పందం, కోర్టు కేసు లాంటివి ఉంటే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురితో నమోదు చేసుకోండి. తెలంగాణలో 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అంటూ నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేనుమంది ఉండాలి. మీ వార్డులో అవి ఉన్నాయో లేదో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయో కమిషనర్ కార్యాలయంలో అడగండి.

రిజిస్టర్ అయినా కాకపోయినా ఒక్క పని తప్పనిసరి. అర్జీల నకళ్లు, నంబర్లు, ఫోటోలు తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టి, దాని ప్రతి కనీసం ముగ్గురి దగ్గర ఉంచండి. కార్యదర్శి ఇల్లు మారితే ఆయన ఫోనుతో పాటు మూడేళ్ల ఉత్తరాలూ వెళ్లిపోతాయి, కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మొదటి అర్జీ నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.