కథ లేని పుస్తకం ఎవరు చదువుతారు, తాతా?

హనుమకొండ,
నవంబరు నెల

ప్రియమైన పిల్లలకు,

తాత దీవెనలు. గ్రంథాలయ వారోత్సవాలని మీ బడివాళ్ళు మిమ్మల్ని కరీంనగర్ లైబ్రరీకి తీసుకెళ్ళారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్కడ ఒక బల్ల మీద ‘కొత్తగా వచ్చిన పుస్తకాలు’ అని బోర్డు పెట్టి పరిచారట. ఒకటి చెరువుల గురించి, ఒకటి షుగరు జబ్బు గురించి, ఇంకోటి పత్తి చేన్లో పడే గులాబీ రంగు పురుగు గురించి, ఇంకోటి ఎవరిదో జీవితచరిత్ర. చిన్నది ఇంటికొచ్చి అడిగిందట: “అన్నీ పెద్దోళ్ళవే. ఒక్కదాంట్లో కూడా కథ లేదు. పెద్దోళ్ళకు పరీక్షలు కూడా ఉండవు కదా, మరి ఎందుకు చదువుతారో తాతను అడుగు.” పెద్దోడు పక్కనుంచి, “ఎందుకుండవు? అక్కడ కూర్చున్నోళ్ళందరూ పరీక్షలకే చదువుతున్నారు” అన్నాడట.

వాట్సాప్‌లో చెప్తే రెండు ముక్కల్లో అయిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ముందు పెద్దోడి మాట. వాడు చూసింది నిజమే. మా హనుమకొండలో అయినా, మీ కరీంనగర్‌లో అయినా పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి చూస్తే గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే అక్కలు, అన్నలే కనిపిస్తారు. టిఫిన్ డబ్బా తెచ్చుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందోనని టెన్షన్, వచ్చాక ఎక్కడ ఆగిపోతుందోనని ఇంకో టెన్షన్. వాళ్ళ దగ్గర గట్టిగా మాట్లాడకండి, కుర్చీలు గుంజకండి. ఊళ్ళో అమ్మానాన్నలు చేను చేసి పంపిన పైసలతో చదువుకునే పిల్లలు వాళ్ళు.

వాళ్ళకు ప్రశ్న వేసేది పరీక్ష. చిన్నది అడిగింది మాత్రం వేరేవాళ్ళ గురించి. బతుకే ప్రశ్న వేస్తే జవాబు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కొందరుంటారు. పత్తికి పురుగు పడిన రైతు, డాక్టరు షుగరు ఉందని చెప్పిన ఒక అమ్మ, రిటైరయ్యాక తన ఊరి గుడి ఎవరు కట్టించారో తెలుసుకోవాలనిపించిన ఒక పెద్దాయన. మార్కులేసేవాళ్ళు లేరు, తప్పు చదివితే దిద్దేవాళ్ళూ లేరు. అయినా చదువుతారు. అలాంటి మనిషిని నేను మొదట చూసింది మా ఇంట్లోనే.

మా మేనమామకు పరకాల దిక్కున కొంత చెలక ఉండేది. బావి తవ్వించాలని ఆయన కోరిక. ఊరి పంచాయతీ గదిలో ఒక అల్మారా నిండా పుస్తకాలు ఉండేవి, దాన్నే లైబ్రరీ అనేవాళ్ళం. అందులో నేల లోపలి నీళ్ళ గురించి ఒక పుస్తకం ఉందని ఎవరో చెప్తే మామ తెచ్చుకున్నాడు. ఆయనకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అందుకని రాత్రి బువ్వ తిన్నాక కందిలి ముందేసుకుని నేను చదవాలి, ఆయన వినాలి. చదివేది నేనే అయినా నాకేమీ అర్థమయ్యేది కాదు. ఆయన మాత్రం మధ్యమధ్యలో ఆపి, “మళ్ళా చదువు” అనేవాడు. ఇసుక నేలల గురించి, ఒండ్రు నేలల గురించి చాలా పేజీలుండేవి. ఒకరోజు మామ లేచి కూర్చుని, “ఇది మన నేల గురించి కాదురా. మన దగ్గర రెండు నిలువులు తవ్వంగనే మొరం తగుల్తది, దాని కింద బండ. ఈ పుస్తకం రాసినాయన మన దిక్కు రాలేదు” అన్నాడు.

అయినా పుస్తకం మూసెయ్యలేదు. చివర్లో బండ నేలల గురించి ఒక చిన్న భాగం దొరికింది. రాయి నీళ్ళు తాగదు, రాయిలోని పగుళ్ళలోనూ, పైన మెత్తబడిన మొరంలోనూ నీళ్ళు నిలుస్తాయి అని ఉంది. ఆ పేజీ నాతో ఎన్నిసార్లు చదివించాడో! తెల్లారి పక్క చేన్లోని మోటబావిలోకి తొంగి చూసి బండలో పగుళ్ళు ఏ దిక్కుకు పోతున్నాయో చూసుకుని వచ్చాడు. తర్వాత తవ్విన బావిలో నీళ్ళు పడ్డాయి. పుస్తకం వల్లే పడ్డాయని నేను చెప్పను. మామ మాత్రం ఆ పేజీని ఇష్టంగా గుర్తు పెట్టుకున్నాడు. మిగతా పుస్తకంతో జగడమాడుతూనే ఉన్నాడు. పెద్దవాళ్ళు నిజం సంగతుల పుస్తకాన్ని చదివే పద్ధతి ఇదే బిడ్డా. వింటూ జగడమాడతారు.

ఆయన అడిగినది న్యాయమైన మాట. మన మొరం నేల గురించి, మన బండ గురించి పుస్తకం ఎందుకు లేదు? ఎవరో ఒకరు మన దిక్కుకు వచ్చి, చూసి, కొత్తగా రాస్తేనే కదా ఉంటుంది!

కొత్త పుస్తకాలు ఎందుకో ఇప్పుడు చెప్తాను. బియ్యం సంగతి చెప్తే తొందరగా అర్థమవుతుంది.

మీరు ఈ నెలలో కరీంనగర్ నుంచి మా ఇంటికి వస్తే దారి పొడుగునా రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి కనిపిస్తాయి. కొనుగోలు సెంటర్లో మిషను పెట్టి తేమ చూస్తారు. 17 శాతం దాటితే ఇంకా ఎండబెట్టమంటారు. పచ్చి వడ్లను సంచిలో కుక్కితే ముక్కిపోతాయి, రంగు మారుతాయి. కొన్ని కొత్త పుస్తకాలు అలా పచ్చిగా ఉన్నప్పుడే సంచికెక్కుతాయి. ఏదైనా పెద్ద సంగతి జరగగానే నెల తిరక్కుండా దాని మీద పుస్తకాలు వచ్చేస్తాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు మొదట్లో అందరూ తలుపు గడియలు, కూరగాయల సంచులు తుడవడం గురించే రాశారు. ఆ జబ్బు ముఖ్యంగా గాలి ద్వారా పాకుతుందని గట్టిగా తేలడానికి సమయం పట్టింది. మొదట రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. గింజ ఇంకా ఆరలేదు, అంతే.

సరే, ఆరింది, మర పట్టించారు, కొత్త బియ్యం ఇంటికొచ్చింది. వండి చూడండి, ముద్ద ముద్దవుతుంది. ఎసట్లో నీళ్ళు తగ్గించాలి, కొంచెమే తినాలి. అదే బియ్యం ఒక ఏడాది ఆగితే పొడిపొడిగా, పొడుగ్గా ఉడుకుతుంది, గిన్నెడు బియ్యం ఎక్కువమందికి సరిపోతుంది. లోపల ఏం మారుతుందో ఇంకో ఉత్తరంలో చెప్తాను. కొత్త పుస్తకాన్ని కూడా అలాగే, నీళ్ళు తగ్గించి, కొంచెం కొంచెంగా తీసుకోవాలి. నలుగురు చదివి, నలుగురు తప్పులు పట్టి, ఆ తర్వాత కూడా నిలిస్తే అది పాత బియ్యమవుతుంది. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి ఏరి రాశారాయన. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు, 1955లో, దానికే వచ్చింది. ఇప్పటికీ దాన్ని తెరిస్తే కడుపు నిండుతుంది. అచ్చయిన రోజు అదీ కొత్త బియ్యమే.

మరి పాతవే తింటూ కూర్చోవచ్చు కదా అంటారేమో. బియ్యం మరీ పాతబడితే పురుగు పడుతుంది. మా అమ్మ గుమ్మిలో వేపాకు వేసేది, అయినా ఎండాకాలం వచ్చేసరికి కొంత పట్టేది. 2005లో అచ్చయిన ఆకాశం పుస్తకం తీస్తే తొమ్మిది గ్రహాలుంటాయి. 2006లో శాస్త్రవేత్తలు ప్లూటోను ఆ వరుసలోంచి తీసేశారు. 2015 నాటి తెలంగాణ పుస్తకంలో 10 జిల్లాలే ఉంటాయి. 2016లో 31 అయ్యాయి, 2019కల్లా 33. మా ఒక్క వరంగల్ జిల్లాయే ఎన్ని ముక్కలైందో మ్యాపులో చూడండి. పాతికేళ్ళ కింద రామప్ప గుడి మీద రాసిన పుస్తకంలో 1213 నాటి శాసనం సంగతి ఉంటుంది గానీ, 2021లో అది ప్రపంచ వారసత్వ కట్టడమైన సంగతి ఉండదు. పురుగు పట్టిందని బస్తా మొత్తం పారబొయ్యం కదా! చాటలో పోసి చెరిగి, మంచి గింజ ఉంచుకుంటాం. లైబ్రరీలో పని చేసేవాళ్ళకు ఆ చెరిగే పని కూడా ఉంటుంది.

కొత్త వడ్లు ఇంటికి రాని ఏడు, మరుసటేడుకు పాత బియ్యం ఎక్కడివి? నాకు మనసులో గట్టిగా ఉన్న మాట ఇదే. ఏళ్ళ తరబడి కొత్త పుస్తకం కొనని లైబ్రరీలో పాత మంచి పుస్తకాలు కూడా ఉండవు. పరీక్షల గైడ్లు మాత్రమే కొని, మిగతావి తర్వాత చూద్దాంలే అనుకుంటే మా మామలాంటి రైతు ఎక్కడికి పోవాలి? మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాశారు. పెరుగుతూ ఉండే ప్రాణి లాంటిది గ్రంథాలయం అన్నది అయిదోది. పెరగాలంటే తిండి కావాలి.

మన పెద్దలకు ఇది బాగా తెలుసు. మా హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పెట్టారు. నిజాం కాలం అది, తెలుగులో చదువుకోవడమే కష్టమైన రోజులు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు కలిసి హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టారు. చరిత్ర, సైన్సు, గొప్పవాళ్ళ జీవితాలు తెలుగులో అచ్చు వెయ్యాలని వాళ్ళ పట్టుదల. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం! తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాలు వేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. బడి లేని ఊళ్ళోకి కూడా పుస్తకం నడిచి వెళ్ళింది.

ఇంకో సంగతి. మీ నాన్న ఇంటి పన్ను కట్టిన రసీదు అడిగి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఉంటుంది, ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అంటే ఆ బల్ల మీది పుస్తకంలో మీ ఇంటి పైసలున్నాయి. కాబట్టి పేజీ మడవకండి, పెన్నుతో గీతలు కొట్టకండి. ఎదురింటివాళ్ళ పైసలు కూడా దాంట్లోనే ఉన్నాయి.

పుస్తకం వీపు మీద అంటించిన నంబరు చూశారా? మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో ప్రపంచంలోని చదువంతా 000 నుంచి 999 లోపల సర్దాడు. చాలా లైబ్రరీల్లో ఆ పద్ధతే ఉంది. 500ల్లో సైన్సు, 900ల్లో చరిత్ర, భూగోళం. వరి పండించే పుస్తకం 633 దగ్గర ఉంటుంది. అదే బియ్యాన్ని వండే పుస్తకం 641 దగ్గర. చేన్లోంచి పొయ్యి మీదికి వచ్చేసరికి ఎనిమిది నంబర్లు దాటిందన్నమాట! వడ్ల రేట్ల సంగతి 300ల్లో, చెరువులు తవ్వించిన కాకతీయుల సంగతి 900ల్లో. ఒక్క గింజ ఎన్ని అల్మారాల్లో ఉందో తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఆశ్చర్యంగా ఉంటుంది. దీన్ని ఇంతకంటే నేను వివరించలేను, మీరే వెళ్ళి అల్మారాల వెంట నడవాలి.

ఈసారి వెళ్ళినప్పుడు ఆ కొత్త పుస్తకాల బల్ల దగ్గర చెరువుల పుస్తకం తీసుకోండి. మొదటి పేజీల్లో అచ్చయిన సంవత్సరం చూడండి. రాసినవాళ్ళు ఆ చెరువుల దగ్గరికి వెళ్ళారా, ఎవరిని అడిగారు, ఏ శాసనాలు చదివారు అని ముందుమాటలోనూ, చివరి పేజీల్లోనూ వెతకండి. అవేమీ లేకపోతే కొంచెం అనుమానంగానే చదవండి. తర్వాత మీకు బాగా తెలిసిన చోటు తీయండి, మీ కరీంనగర్ దగ్గరి మానేరు డ్యామో, మా పాకాల చెరువో. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, అలా మీకు తెలిసిన సంగతి దగ్గర పట్టి చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే తెలియని సంగతుల్లో కూడా కొంత నమ్మవచ్చు.

మొత్తం చదవక్కర్లేదు. పది పేజీలు చాలు. చిన్నదానికి కష్టమైతే పెద్దోడు చదివి వినిపించాలి, విసుక్కోకుండా. నాకు రాసేటప్పుడు పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన ఏడాది, మూడూ రాయండి. చదివినదాంట్లో మీకు బొత్తిగా అర్థం కాని వాక్యం ఒకటి, రచయితతో మీరు జగడమాడాలనుకున్న వాక్యం ఒకటి, ఉన్నదున్నట్టు ఎత్తి రాసి పంపండి.

మీ తాత