కళాసేవ కదమ్మా, డబ్బులెందుకు? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఒక చిన్న తెలుగు సాంస్కృతిక ట్రస్టుకి పన్నెండేళ్ళుగా ఆఫీసు పని చూస్తున్నాను. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి, కోడంబాక్కంలో ఒక అపార్ట్‌మెంట్ కింద కార్ పార్కింగ్ పక్కన గది, ఒక బీరువా, ఒక ప్రింటర్ (దానికి వేసవి సెలవులు కూడా ఉంటాయి). హాలు బుక్ చెయ్యడం, రసీదులు రాయడం, ఆడిటర్ గారితో తిట్లు తినడం, కచేరి రోజు మైక్‌సెట్ అబ్బాయికి కాఫీ ఇప్పించడం, అన్నీ నేనే. ఇన్నేళ్ళలో విన్న మాటలే మళ్ళీ మళ్ళీ వింటున్నా, పెళ్ళిళ్ళలో, హాలు గేటు దగ్గర, వాట్సాప్‌లో. ఒకసారి రాసి పెట్టేస్తే ఇంకెవరైనా అడిగినప్పుడు పంపించెయ్యొచ్చని ఇది.

అపోహ: లాభాపేక్ష లేని సంస్థ అంటే చేతిలో రూపాయి మిగలకూడదు.

మొదట్లో నేనూ ఇలాగే అనుకునేదాన్ని. మిగలచ్చండీ, మిగలాలి కూడా. మిగిలింది ట్రస్టీలు పంచుకోకూడదు, అంతే. పన్ను మినహాయింపు కావాలంటే ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం సంస్థ ఉద్దేశాల మీదే ఖర్చు పెట్టాలి, 15 శాతం దాకా పక్కన పెట్టుకోవచ్చు, ఏదైనా పెద్ద పని అనుకుంటే ఫలానా దానికని ఫారం పెట్టి ఐదేళ్ళ దాకా కూడబెట్టుకోవచ్చు. 2020 మార్చిలో హాళ్ళు మూసేశారు, ఆ డిసెంబర్లో ఏటా జరిగే సంగీత కచేరీల సీజనే ఆన్‌లైన్‌కి వెళ్ళిపోయింది, మాకు అలా పక్కన పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉండబట్టి గది అద్దె కట్టుకుని, మా దగ్గర పాఠం చెప్పే ఇద్దరికీ సగం జీతమైనా పంపగలిగాం. దాన్ని "ఎందుకమ్మా బ్యాంకులో మురగబెట్టడం" అన్న కమిటీ మెంబరు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది, "రిజిస్టర్ చేశారుగా, ఇంక పన్నెక్కడిది" అని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ట్రస్ట్ డీడ్ రిజిస్టర్ చేసినా, తమిళనాడు 1975 చట్టం కింద సొసైటీ పెట్టినా, అది సంస్థ పుట్టిందని చెప్పే కాగితం మాత్రమే. పన్ను మినహాయింపుకి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ దగ్గర వేరే రిజిస్ట్రేషన్, దాతలకి మినహాయింపు రావాలంటే ఇంకోటి. మొదటిదాన్ని 12ఏ, రెండోదాన్ని 80జీ అని మేమంతా పాత నంబర్లతోనే పిలుస్తాం, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు మారిపోయాయి, నోరు ఇంకా తిరగట్లేదు.

అపోహ: కళాకారుడికి వేదిక దొరికితే చాలు, డబ్బు అడిగితే కళాసేవ ఎలా అవుతుంది?

హాలుకి అద్దె ఇస్తాం, మైక్‌కి ఇస్తాం, పూలదండకి ఇస్తాం, టిఫినుకి ఇస్తాం, జనం ఎవరికోసం వచ్చారో ఆయనకి మాత్రం శాలువా. ఒకసారి మృదంగం వాయించిన పెద్దాయన కచేరి అయ్యాక శాలువా నీట్‌గా మడతపెట్టి నా చేతికే ఇచ్చి "అమ్మా, ఇది వచ్చే నెల ఇంకెవరికైనా కప్పండి, నాకు పెరంబూర్‌కి ఆటో డబ్బులిప్పించండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలోనే ఉంది, ఎవరికీ కప్పలేదు.

అప్పట్నుంచి బడ్జెట్ కాగితం తలకిందులు చేశాం. మొదటి లైన్లో పాడేవాళ్ళకి, రెండో లైన్లో పక్కవాద్యాలకి, ఆ తర్వాత మిగిలినదాన్ని బట్టి హాలు. హాలు చిన్నదైంది, ఏం మునిగిపోలేదు. చట్టం కూడా ఇవ్వద్దనదు, మన ఉద్దేశమే సంగీతమైతే సంగీతం పాడినవాళ్ళకి ఇచ్చింది ఉద్దేశం మీద ఖర్చే కదా. చట్టం పట్టుకునేది ట్రస్టీలకీ వాళ్ళ చుట్టాలకీ పనికి మించి ముట్టజెప్పితే. ప్రెసిడెంట్ గారి అమ్మాయి డాన్స్ చెయ్యొచ్చు, మిగతావాళ్ళకి ఇచ్చినంతే ఆమెకీ ఇస్తే గొడవ లేదు (మిగతా గొడవలు వేరే, అవి ఇక్కడ రాయను). జీఎస్టీ అని భయపెట్టేవాళ్ళుంటారు, శాస్త్రీయ, జానపద కళాకారులకి ఒక ప్రదర్శనకి లక్షన్నర దాకా ఇస్తే దాని మీద జీఎస్టీ లేదు. మా బడ్జెట్‌కి ఆ లక్షన్నర కనిపించేంత దూరంలో కూడా లేదు లెండి.

అపోహ: 80జీ ఉంటే దాతలు వాళ్ళే వస్తారు.

రారు. మామూలు 80జీలో ఇచ్చిన మొత్తంలో సగమే ఆదాయంలోంచి తగ్గుతుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. ఐటీ ఉద్యోగాల పిల్లలు చాలామంది కొత్త విధానానికి మారిపోయారు, అందులో అసలు ఈ మినహాయింపే లేదు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే పాత విధానంలోనూ రాదు, అయినా కవర్లో ఐదు వేలు పెట్టి రసీదు అడిగేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. సావనీర్‌లో (కచేరీల సందర్భంగా వేసే పుస్తకం) ప్రకటన ఇచ్చినా, టికెట్ కొన్నా అది విరాళం కాదు, ఎందుకంటే మీకు తిరిగి ఏదో దక్కింది. సావనీర్ ప్రకటనలూ టికెట్లూ వ్యాపార ఆదాయం కింద లెక్కేస్తే, మాలాంటి సంస్థలకి అది మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపుకే ఎసరు. అందుకే సావనీర్ లావెక్కుతుంటే ఆడిటర్ గారి మొహం చిన్నదైపోతుంది.

కాబట్టి ఇప్పుడు దాతల దగ్గర పన్ను మాట ఎత్తట్లేదు నేను. "నెలకి ఇంత ఇస్తే ఒక మాస్టారు ఒక క్లాసు చెప్తారు" అంటున్నా, ఇంతకుముందుకన్నా బాగానే వస్తోంది.

అపోహ: ఏదైనా కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) పట్టుకుంటే కష్టాలు తీరతాయి.

ఈ సలహా ఇవ్వని మనిషి మద్రాసులో లేడు. నెట్ వర్త్ 500 కోట్లు, లేదా టర్నోవర్ వెయ్యి కోట్లు, లేదా లాభం 5 కోట్లు ఉన్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చు పెట్టాలి, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వారసత్వం, కళలు, సంస్కృతి ఉన్నాయి కూడా, అంతవరకు నిజమే. కానీ వాళ్ళ సరుకుకి ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందకి రాదు. ఒక కంపెనీ ఆయన స్టేజీ వెనక పెద్ద బ్యానరూ కావాలన్నారు, సీఎస్ఆర్ పద్దులోనే రాస్తామన్నారు, రెండూ కుదరవండీ అంటే "చిన్న సంస్థకి ఇంత పట్టుదలా" అని వెళ్ళిపోయారు. పైగా సీఎస్ఆర్-1 ఫారంతో రిజిస్టరై ఉండాలి, ఇవ్వబోయే ముందు మూడేళ్ళ లెక్కలు అడుగుతారు, ఒక్క సాయంత్రం కచేరి కన్నా ఏడాది పొడుగునా సాగే పని చూపిస్తేనే మాట ముందుకెళ్తుంది.

అపోహ: అమెరికాలో మనవాళ్ళున్నారుగా, పంపిస్తారు.

ఇది డేంజరు, జాగ్రత్తగా చదవండి. మా ట్రస్టీ ఒకాయన మేనల్లుడు డాలస్ నుంచి ప్రేమగా డబ్బు పంపుతానన్నాడు. అతనికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చేసింది, అంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా, ఇంట్లో గోంగూర పచ్చడి తిన్నా, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు, రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ళు నడిచి ఉండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చయి ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మాకు అంత లేదు. అయితే అతని భార్యది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. విదేశంలో ఉన్న భారత పౌరులు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆ అమ్మాయి పాస్‌పోర్ట్ కాపీ ఫైల్లో పెట్టుకుని తీసుకున్నాం. ఒకే ఇల్లు, భర్త డబ్బు పనికిరాదు, భార్య డబ్బు పనికొస్తుంది. మేనల్లుడికి చెప్పడానికి ఆ ట్రస్టీ గారు రెండు రోజులు తటపటాయించారు.

అపోహ: చెన్నైలో తెలుగు కళకి ఇంకా ఏం మిగిలింది, హైదరాబాద్‌లో పెట్టుకోవాల్సింది.

టీ నగర్‌లో కచేరీలు జరిగే వాణీ మహల్ హాలు రావడానికి కారణం సినిమా నటుడు చిత్తూరు నాగయ్య గారు. వెంపటి చినసత్యం గారు కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది 1963లో, ఈ ఊళ్ళోనే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఇక్కడ పాడి సంపాదించిన డబ్బే దానికి పెట్టింది, ఆడవాళ్ళని ఆరాధనలో పాడనివ్వకపోతే వాళ్ళకి వేరే ఆరాధన నడిపింది, 1952లో పోయేటప్పటికి ఆస్తి ఆ సమాధికే రాసేసింది. ఆవిడకి ఏం కావాలో ఆవిడకి తెలుసు.

మా డీడ్ చూస్తే నాకు నవ్వొస్తుంది. కళలు, సాహిత్యం, విద్య, వైద్యం, క్రీడలు, పర్యావరణం, ఎప్పుడు ఏది అవసరమైనా పనికొస్తుందని ఎవరో లాయరు పదిహేడు ఉద్దేశాలు రాసిపెట్టారు. అన్నీ రాస్తే దేనికీ కాదనలేం. ఒక ఏడాది ఎవరో డబ్బిస్తామన్నారని సినిమా పాటల విభావరి పెట్టాం. హాలు కిటకిటలాడింది, ఖర్చులు పోను మిగిలింది ఒక నెల గది అద్దె, దాని ఏర్పాట్లలో పడి మా దగ్గర బుధవారాలు జరిగే కీర్తనల క్లాసు రెండున్నర నెలలు ఆగిపోయింది. హాలు నిండటం వేరే లెక్క, మా లెక్క వేరే. 1927 కాంగ్రెస్ సభలతో పాటు మద్రాసులో జరిగిన సంగీత సమ్మేళనంలోంచి పుట్టి 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ కూడా కచేరీలతో ఆపలేదు, పొద్దున్నపూట పండితుల చర్చలు పెట్టింది, 1930 నుంచి జర్నల్ వేసింది. సాయంత్రం కచేరీకి వచ్చినంత జనం పొద్దున చర్చకి రారు, అయినా మానలేదు.

డీడ్‌లో ఉద్దేశాలు మారిస్తే 30 రోజుల్లో ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి మళ్ళీ అప్లై చేసుకోవాలి, ఆ తలనొప్పి ఎందుకని డీడ్ జోలికి పోలేదు. పదిహేడులో ఒకటి పట్టుకుని మీటింగ్ మినిట్స్‌లో ఒక వాక్యం రాసుకున్నాం: చెన్నైలో తెలుగు కీర్తన పాడేవాళ్ళు మాట అర్థం తెలిసి, పలకడం తెలిసి పాడాలి, మన పని అది. మళ్ళీ విభావరి ఆఫర్ వచ్చినప్పుడు నేను ఆ పేజీ తీసి చదివాను. మా ప్రెసిడెంట్ గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఆయనే ఫోన్ చేసి వాళ్ళకి కుదరదని చెప్పారు.

బుధవారం క్లాసుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో తమిళం. త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం, అందుకని వాళ్ళ పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 1, 2, 3, 4 అని అంకెలు వేస్తారు, ఆ అంకె చూసుకుని పలుకుతారు. పోయిన వారం పదకొండు మంది వచ్చారు. ఒకావిడ, అరవై దాటిన మనిషి, నోటుబుక్కులో ఆ అంకెలన్నీ ఒక్కొక్కటే కొట్టేసి పక్కన తెలుగు అక్షరం రాసుకుంటోంది, ఒత్తులు ఇంకా రావట్లేదు. జిరాక్సులకి 60 రూపాయలైంది, రసీదు ఫైల్లో అంటించాను.